ఒళ్లో కుంపటి

ఒళ్లో పెట్టుకుని వాడుకునేది కాబట్టి దానికి ల్యాప్‌టాప్ అని పేరు పెట్టారు. గేమింగ్ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు చెల్లదు. ఆట మొదలై పావుగంట గడిచాక దాన్ని ఒళ్లో ఉంచుకోవడమంటే కుంపటిని ఒళ్లో పెట్టుకోవడమే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, ఊళ్లో బస్టాండు పక్కన ఉన్న చిన్న రిపేరు షాపైనా, ఈ యంత్రాల మీద వచ్చే ఫిర్యాదులు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. మొదటి పది నిమిషాలు ఆట బాగా నడుస్తుంది, తర్వాత తడబడుతుంది. ఫ్యాను హోరెత్తిపోతుంది. ఉన్నట్టుండి మొత్తం ఆరిపోతుంది. ఛార్జరు గుచ్చి ఉన్నా బ్యాటరీ శాతం తరిగిపోతుంది. రెండేళ్లకు టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బుతుంది. వినడానికి ఇవి అయిదు రోగాలు. షాపులో అయిదు మందులూ దొరుకుతాయి: విండోస్ మళ్లీ వేయడం, ర్యామ్ పెంచడం, కొత్త బ్యాటరీ, కొత్త మదర్‌బోర్డు, అదీ కాకపోతే కొత్త ల్యాప్‌టాప్. నా వాదన ఏమిటంటే, వీటిలో చాలా భాగం ఒకే జ్వరానికి వేర్వేరు లక్షణాలు. జ్వరం కొలవకుండా మందు కొనడం డబ్బు దండగ. ఇంకో మాట కూడా చేర్చాలి: పుట్టిన వేడిని బయటికి తోలడానికి మనం పడే పాట్లలో సగం, ఆ వేడి పుట్టకుండా చూసుకోవడానికి పడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మొదట వేడి ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. మిక్సీకి ఇచ్చిన కరెంటులో కొంత పచ్చడి నూరడానికి పోతుంది. కంప్యూటర్ చిప్ ఏమీ నూరదు, ఏమీ ఎత్తదు. దానిలోకి వెళ్లిన కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికి వస్తుంది. ఇంటెల్ కోర్ ఐ7 12700హెచ్ అనే ప్రాసెసర్‌ను తీసుకోండి. కంపెనీ చెప్పే మూల సామర్థ్యం 45 వాట్లు. జోరు మీద ఉన్నప్పుడు 115 వాట్ల దాకా తాగుతుంది. దాని పక్కన ఆటకు బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌నే చూస్తే, అదే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా కట్టిపెట్టి అమ్ముకునే వీలు తయారీదారులకు ఉంది. అంటే పెట్టె మీద ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి రెండోదాని కంటే మూడు రెట్లు కరెంటు తాగవచ్చు. కొనేటప్పుడు ఆ వాట్ల సంఖ్య అడిగేవాళ్లు తక్కువ. పాతకాలపు వంద వాట్ల ఫిలమెంటు బల్బులు రెండింటిని తెచ్చి, వేలెడు మందం కూడా లేని పెట్టెలో బిగించి, పైన కీబోర్డు పరిచి, దాని మీద చేతులు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోవడమే గేమింగ్. ఒకప్పుడు ఈ ఇబ్బంది ఇంతగా లేదు. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసుకుంటూ పోతే వాటికి కావలసిన కరెంటు కూడా ఆ లెక్కనే తగ్గుతుందని 1974లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. ముప్పై ఏళ్ల పాటు పరిశ్రమ ఆ వరం మీదే బతికింది. 2000 దశకం మధ్యలో ఆ వరం చెల్లిపోయింది. 2004లో ఇంటెల్ తన టేజాస్ అనే ప్రాసెసర్‌ను మధ్యలోనే వదిలేసుకోవడానికి ముఖ్య కారణం వేడే. అప్పటి నుంచి వేగం అనేది వేడితో బేరమాడి తెచ్చుకునే సరుకైపోయింది.

ఇప్పుడు ఆ వేడి బయటికి నడిచే దారిని చూడాలి. ఎందుకంటే రిపేరు అంటే ఆ దారిలో ఎక్కడ అడ్డు పడిందో వెతకడమే. చిప్ మీద సన్నగా ఒక పేస్టు పూస్తారు. లోహం, చిప్ ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య కంటికి ఆనని గాలి సందులు ఉంటాయి. గాలి వేడిని మోయడంలో మహా బద్ధకస్తురాలు. రాగితో పోలిస్తే దాదాపు పదిహేను వేల రెట్లు వెనక. ఆ సందుల్ని పూడ్చడానికే పేస్టు. దాని మీద రాగి పలక, పలకకు అతికించిన రాగి గొట్టాలు. ఈ గొట్టాలు గట్టి రాగి కడ్డీలని చాలామంది అనుకుంటారు. అవి బోలుగా ఉంటాయి. లోపల గాలి తీసేసి రవ్వంత నీళ్లు పోసి మూసేస్తారు. చిప్ వైపు నీరు ఆవిరై రెండో కొసకు పరుగెత్తి అక్కడ చల్లబడి మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకున్న వత్తిలాంటి పొర గుండా వెనక్కి వస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కింది వైపు పేరుకున్న నీటి చుక్కలు చూశారు కదా, అదే ఆవిరి, అదే నీరు. ఇక్కడ అది నిమిషానికి ఎన్నోసార్లు తిరుగుతూనే ఉంటుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని రూపొందించాడు. అంతరిక్ష నౌకల కోసం ఆలోచించిన సంగతి చివరికి హాస్టల్ గదిలో ఆటలకు పనికొచ్చింది. గొట్టం రెండో కొస దగ్గర దువ్వెన పళ్లలా సన్నని రేకులు ఉంటాయి. ఫ్యాను ఆ పళ్ల మధ్య నుంచి గాలిని ఊది వేడిని బయటికి నెడుతుంది.

ఈ దారిలో అడ్డు పడేవి ముఖ్యంగా రెండే. ఒకటి పేస్టు. వేడెక్కుతూ చల్లారుతూ ఉండే కొద్దీ అది కొంచెం కొంచెంగా చిప్ అంచులకు జరిగిపోతుంది, మిగిలింది ఎండి బిరుసెక్కుతుంది. రెండోది దుమ్ము. ఇక్కడే ఒక తప్పు తరచూ జరుగుతుంది. అడుగు మూత తీసి ఫ్యాను రెక్కలు శుభ్రంగా తుడిచి, పనైపోయింది అనుకుంటారు. అసలు దుమ్ము రెక్కల మీద ఉండదు; ఫ్యానుకీ దువ్వెన పళ్లకీ మధ్య, గొంగడి ముక్కలాగా అట్టకట్టి కూర్చుంటుంది. దూది నూగు, వెంట్రుకలు, రోడ్డు మీద నుంచి వచ్చిన సిమెంటు పొడి కలిసిన ఆ పొర ఉన్నంతవరకు ఫ్యాను ఎంత అరిచినా గాలి బయటికి రాదు. నిజానికి ఫ్యాను ఎక్కువ చప్పుడు చేస్తూ, వెనక సందు దగ్గర చెయ్యి పెడితే గాలి నీరసంగా తగులుతోందంటే ఆ పొర ఉందన్నట్టే. వీటికి తోడు మన వాతావరణం. ఫ్యాను ఎంత గొప్పదైనా గది గాలి కంటే చల్లగా దేన్నీ చేయలేదు. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 85 డిగ్రీల దగ్గర ఆగిందనుకోండి. అదే ఆట, అదే సెట్టింగు, మే నెలలో పైఅంతస్తు గదిలో 40 డిగ్రీలుంటే చిప్ కూడా దాదాపు ఆ పదిహేను డిగ్రీలూ ఎక్కి 100 ముట్టుతుంది. ఏసీ గదిలో తీసిన సమీక్షల అంకెలు చూసి కొన్న యంత్రం రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవిలో అలాగే పనిచేయాలని ఆశించడం న్యాయం కాదు. యంత్రానిది తప్పు లేదు, అంకెలదీ తప్పు లేదు. మధ్యలో ఉన్న పదిహేను డిగ్రీలను ఎవరూ లెక్కలో వేయలేదు, అంతే.

చిప్ 95, 100 డిగ్రీల ప్రాంతానికి చేరగానే ఏం జరుగుతుంది? తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఆటలో తడబాటుగా మనకు కనిపించేది ఇదే. అది రోగం కాదు, రోగానికి ఒంటి ఎదురుదాడి. వేగం తగ్గించినా వేడి ఆగకపోతే చివరి ఉపాయంగా మొత్తం ఆరిపోతుంది. కాబట్టి తడబాటు ఎప్పుడు మొదలవుతోందో గమనించడమే సగం వైద్యం. మొదటి నిమిషం నుంచే ఆట నత్తనడక నడుస్తుంటే వేడిని అనుమానించకండి. కారణం వేరే ఉంటుంది. పది నిమిషాలు బాగా నడిచి తర్వాత మొరాయిస్తే, కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ పది నిమిషాలు బాగుంటే, అది వేడే అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కావాలంటే కొలవవచ్చు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు ఉష్ణోగ్రత, వాట్లు, వేగం చూపిస్తుంది. అరగంట ఆడి ఆ మూడు అంకెల్ని పక్కపక్కన చూడండి. ఉష్ణోగ్రత పైకప్పు తాకిన క్షణంలో వాట్లు, వేగం కలిసి జారిపోతే తీర్పు వచ్చేసినట్టే. ఈ చిన్న పరీక్ష చేయకుండా విండోస్ తుడిచేసి మళ్లీ వేయమని చెప్పే షాపువాడు, జ్వరం చూడకుండా సెలైను ఎక్కించే వైద్యుడు ఒకటే.

వైద్యానికి వద్దాం. ఖర్చు లేనిదాని నుంచి మొదలుపెట్టాలి. పరుపు మీద, దుప్పటి మీద, ఒళ్లో పెట్టి ఆడవద్దు. ఈ యంత్రాలు గాలిని ఎక్కువగా అడుగు నుంచే పీలుస్తాయి. గట్టి బల్ల మీద పెట్టి వెనక రెండు మూలల కింద అంగుళం ఎత్తు చెక్కముక్కలో పాత పుస్తకాలో పెట్టండి. కింద ఫ్యాన్లు తిరిగే కూలింగ్ ప్యాడ్‌కు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ ఎత్తు కోసమే. దాని ఫ్యాన్లు చేసే మేలు సాధారణంగా కొద్దిపాటిది, రంగు లైట్లు చేసే మేలు అసలు లేదు. తర్వాత దుమ్ము. మన ఊళ్లలో ఏడాదికి ఒకసారైనా, రోడ్డు పక్క ఇల్లయితే ఆరు నెలలకోసారి, అడుగు మూత విప్పి శుభ్రం చేయాలి. ముందు షట్‌డౌన్ చేసి, ఛార్జరు తీసేసి, మూత విప్పగానే బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతోనో వేలితోనో కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే అది బొంగరంలా తిరిగి బేరింగు పాడవుతుంది, తిరిగే ఫ్యాను చిన్న జనరేటరులా బోర్డులోకి కరెంటు పంపే ప్రమాదమూ ఉంది. ఇంట్లో ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనరు మొనను బోర్డు దగ్గరికి తేవద్దు, దాని వల్ల స్టాటిక్ కరెంటు పుడుతుంది. ఇక పేస్టు మార్చడం. రెండు మూడేళ్లు దాటి, దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతేనే ఆ పని. చేయి తిరిగినవాళ్లతో చేయించడం మేలు, ఎందుకంటే చిప్ మీద రాగి పలకను స్క్రూల పక్కన రాసి ఉన్న అంకెల వరసలో సమానంగా బిగించాలి; పక్కనున్న మెమరీ చిప్‌ల మీది మెత్తని ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవి తెచ్చి వేయాలి. ద్రవ లోహం పూస్తామని ఎవరైనా ఆశ పెడితే వద్దనండి. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా అది కరెంటు ప్రవహించే పదార్థం. ఒక్క చుక్క జారి బోర్డు మీద పడితే చాలు.

ఇంతవరకు చెప్పింది వేడిని బయటికి తోలడం గురించి. అసలు సంగతి ఇప్పుడు. చిప్ తాగే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజీ రెండింతలైతే వేడి నాలుగింతలన్నమాట. ఎక్కువ వేగం కావాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి, చివరి కొంచెం వేగానికి చెల్లించే వేడి మరీ ఎక్కువ. కాగితం మీద ఒక లెక్క వేద్దాం. 4 గిగాహెర్ట్జ్ వేగంతో, 1.1 వోల్టుతో నడిచే చిప్‌ను 3.5 గిగాహెర్ట్జ్‌కు, 1 వోల్టుకు దించామనుకోండి. వేగం పోయింది ఎనిమిదో వంతు. తగ్గిన వేడి దాదాపు 28 శాతం, అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ. ఇంత లాభసాటి బేరం ఇంకెక్కడా దొరకదు. చేసే పద్ధతులు కూడా పెద్ద విద్యలేమీ కావు. ఆటల్లో ఫ్రేములకు, అంటే సెకనుకు గీసే బొమ్మలకు, హద్దు పెట్టండి. సెకనుకు 144 సార్లు మాత్రమే మారే తెర మీద వాలరెంట్‌లాంటి తేలిక ఆట 300 ఫ్రేములు గీస్తుంటే, అందులో సగానికి పైగా మీ కంటికి చేరనే చేరవు. వాటి వేడి మాత్రం మీ వేళ్లకు చేరుతుంది. విండోస్ పవర్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే, ఆ ఒక్క శాతంతో చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో జోరు ఆగిపోతుంది. చాలా ఆటల్లో బరువు ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్ మీదే ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఆ తేడా కంటికి తెలియదు, ఉష్ణోగ్రతలో మాత్రం తెలుస్తుంది. కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో టర్బో బదులు బ్యాలెన్స్‌డ్ ఎంచుకున్నా దారి అదే. వేగం తగ్గించకుండా వోల్టేజీ ఒక్కటే తగ్గించే అండర్‌వోల్టింగ్ ఇంకా మంచిది కాని, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ తలుపు మూసేశారు. 2019 చివర ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడింది. వోల్టేజీ తగ్గించే వీలునే ఆయుధంగా మార్చి చిప్‌లోని రహస్యాలను దొంగిలించవచ్చని పరిశోధకులు చూపించారు. దాంతో తయారీదారులు బయోస్ అప్‌డేట్లతో తాళం వేశారు. ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌లకు మాత్రం ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో ఈ పని చాలావరకు చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఖాయంగా వస్తుంది: లక్ష రూపాయలు పోసి కొన్నాం, దాని పూర్తి వేగం మేమెందుకు వదులుకోవాలి? న్యాయమైన ప్రశ్నే. కాని ఆ పూర్తి వేగం మీ చేతిలో నిజంగా ఉందా? పెట్టె మీద రాసిన వేగం మొదటి కొద్ది నిమిషాలది. వంద డిగ్రీలు తాకాక చిప్ తానే వేగం తగ్గించుకుంటుంది. అదీ ఒక పద్ధతిలో కాదు, తగ్గి, చల్లబడి, మళ్లీ ఎగిరి, మళ్లీ పడి. ఆ ఎగుడుదిగుడే చేతికి తడబాటుగా తెలుస్తుంది. సగటున సెకనుకు 90 ఫ్రేములు వచ్చినా మధ్యమధ్య 30కి పడిపోయే ఆట కంటే, కదలకుండా 70 దగ్గర నిలిచే ఆట కంటికి సాఫీగా ఉంటుంది. మీరు వదులుకుంటున్నది మీకు ఎలాగూ నిలవని వేగం. ఒక ఒప్పుకోలు కూడా చేయాలి. ఏసీ గదిలో, శుభ్రమైన యంత్రంతో, పోటీల్లో ఆడేవాళ్లకు ఆ చివరి అయిదు శాతం అవసరం కావచ్చు. వాళ్లకు నా సలహా వర్తించదు. హద్దు లేని ఫ్రేముల సంగతికి మాత్రం ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. 2021 జులైలో న్యూ వరల్డ్ అనే ఆటను అమెజాన్ పరీక్షకు వదిలినప్పుడు, మెనూ తెర మీద కూడా ఫ్రేములకు హద్దు లేక గ్రాఫిక్స్ కార్డులు విపరీతంగా శ్రమపడ్డాయి. కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చచ్చిపోయాయి. చనిపోయిన కార్డులలో టంకం లోపం ఉందని వాటి తయారీదారు తర్వాత చెప్పాడు. నిజమే కావచ్చు. అయినా లోపాన్ని బయటికి లాగింది, ఎవరూ చూడని ఒక మెనూను సెకనుకు వందలసార్లు గీయించడమే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. చిప్‌లను 100 డిగ్రీలు తట్టుకునేలా చేశామని కంపెనీలే చెబుతుంటే మీకెందుకు భయం అంటారు. చిప్ మటుకు ఆ మాట నిజం. కాని పెట్టెలో చిప్ ఒంటరిగా లేదు. చిప్‌ను బోర్డుకు పట్టి ఉంచే చిన్న చిన్న టంకపు బొట్లు ఉన్నాయి. వేడెక్కితే చిప్, కింది పలక వేర్వేరు కొలతల్లో సాగుతాయి. చల్లారితే వేర్వేరుగా ముడుచుకుంటాయి. మధ్యలో నలిగేది టంకమే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తెగినట్టు అది పగులుతుంది. 2008 జులైలో ఎన్విడియా, తన ల్యాప్‌టాప్ చిప్‌లలో ప్యాకేజీ సామగ్రి బలహీనంగా ఉండి అసాధారణంగా చెడిపోతున్నాయని ఒప్పుకుని, అందుకయ్యే ఖర్చుకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. అది లోపభూయిష్టమైన సరుకు, అన్ని చిప్‌లూ అలా ఉండవు. కాని వేడి చల్లదనాల మధ్య ఊగిసలాట ఏం చేయగలదో చూపడానికి అదో పెద్ద సాక్ష్యం. ఇప్పటికీ కొన్ని షాపుల్లో హాట్ ఎయిర్ గన్‌తో చిప్‌ను కాల్చి బతికించామంటారు. అది పగిలిన గాజుకు తాత్కాలికంగా అతుకు వేయడంలాంటిది. కొన్ని వారాలో నెలలో పనిచేసి మళ్లీ పోతుంది. ఆ పనికి అయిదారు వేలు అడిగితే, ఎన్నాళ్ల హామీ అని ముందు అడగండి.

చిప్‌కు పొరుగున ఉండే అసలు అమాయకురాలు బ్యాటరీ. వంద డిగ్రీలు తట్టుకునే చిప్‌కు జానెడు దూరంలో, నలభై డిగ్రీలు దాటితేనే ఆయుష్షు తరిగిపోయే లిథియం అయాన్ సెల్లులు పడుకుని ఉంటాయి. గేమింగ్ ల్యాప్‌టాప్ రోజంతా ఛార్జరుకు గుచ్చే ఉంటుంది కాబట్టి, బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి, పక్కన సెగ తగులుతూ, అలాగే ఏళ్ల తరబడి ఉంటుంది. నిండుగా ఉండటం, వేడిగా ఉండటం, ఈ రెండూ కలిస్తే లిథియం సెల్లుకు అంతకంటే చేటు లేదు. లోపలి రసాయనాలు విరిగి వాయువు పుడుతుంది, సెల్లు ఉబ్బుతుంది, టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి నెడుతుంది. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, అడుగు మూత బల్ల మీద ఊగినా ఇక వాడటం ఆపేయాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, ఛార్జింగు పెట్టడం అగ్నితో ఆట. చెత్తబుట్టలో వేయకూడదు, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. అంతదాకా రాకుండా ఉండటానికి చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లోనే ఛార్జింగును 80 శాతం దగ్గర, కొన్నిటిలో 60 దగ్గర ఆపే వీలుంది. ఇంట్లోనే ఆడేవాళ్లు దాన్ని ఇవాళే పెట్టుకోవచ్చు. ఛార్జరు గుచ్చినా శాతం తరుగుతుందన్న ఫిర్యాదుకు కూడా సమాధానం వాట్ల లెక్కలోనే ఉంది. ఆటలో యంత్రం 200 వాట్లు అడుగుతుంటే, అసలు ఛార్జరు బరువుగా ఉందని 100 వాట్ల టైప్-సి ఛార్జరు తగిలిస్తే, తక్కువైన వంద వాట్లు బ్యాటరీ నుంచి రాక ఎక్కడి నుంచి వస్తాయి? బ్యాటరీ మీద ఆడితే వేగం సగానికి పడిపోవడమూ లోపం కాదు. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే బ్యాటరీ పరిమితి 100 వాట్ అవర్లు. అందుకే ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఆ గీత కిందే ఆగుతాయి. 90 వాట్ అవర్ల బ్యాటరీని 180 వాట్ల వేగంతో పీలిస్తే అరగంటకు మించి రాదు.

అన్నింటికీ వేడే కారణమని నేను అంటే అది కూడా షాపువాడి మందులాంటిదే అవుతుంది. మొదటి నిమిషం నుంచే ఆట నెమ్మదిగా ఉందంటే మూడు చోట్ల చూడాలి. ఆట పొరపాటున ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందేమో విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగులలో చూసి మార్చవచ్చు. ర్యామ్ ఒకే ఒక్క ముక్కగా ఉంటే మెమరీకి రెండు దారులకు బదులు ఒక దారే ఉంటుంది. రెండో ముక్క వేయడం నిజంగా పనికొచ్చే ఖర్చు. కొత్త గ్రాఫిక్స్ డ్రైవరు వేసిన రోజు నుంచే తేడా వస్తే పాతదానికి వెనక్కి వెళ్లాలి. ఇంకోటి మన ఇళ్లలో ఎక్కువగా వినిపించేది: ల్యాప్‌టాప్ లోహపు మూత ముట్టుకుంటే జివ్వుమంటోందని. మూడు పిన్నుల ఛార్జరును రెండు పిన్నుల కన్వర్టరుతో గుచ్చినా, గోడలో ఎర్తింగు సరిగా లేకపోయినా, ఛార్జరు లోపలి ఫిల్టరు నుంచి కొద్దిపాటి కరెంటు లోహానికి చేరుతుంది. దానికి మందు ల్యాప్‌టాప్ షాపులో లేదు, ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంది.

మూత విప్పితే వారంటీ పోతుందన్న భయం చాలామందిని దుమ్ముతోనే కాపురం చేయిస్తోంది. ఈ విషయంలో కంపెనీ కంపెనీకీ నియమం మారుతుంది. కొన్ని ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవడానికి మూత విప్పడాన్ని అనుమతిస్తాయి, కొన్ని స్క్రూ మీద కాగితం అంటించి బెదిరిస్తాయి. వారంటీ కాగితం చదవండి, లేకపోతే సర్వీసు సెంటరుకు మెయిలు రాసి సమాధానం రాతలో తీసుకోండి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ ఒకటి తెరిచింది. అందులో చేరిన కంపెనీల మరమ్మతు వివరాలు అక్కడ ఉంటాయి. వారంటీలో ఉన్న యంత్రాన్ని శుభ్రం చేయమని వాళ్లనే అడగడం ఇంకా సులువు. వేడిని పుట్టకుండా చూసుకునే పనులకు మాత్రం స్క్రూడ్రైవరు అక్కర్లేదు, ఏ వారంటీ కాగితమూ ఫ్రేముల హద్దును తప్పు పట్టదు.

చివరిగా ప్రయాణాల్లో జరిగేది ఒకటి ఉంది. మూత మూసి సంచిలో పెట్టుకుని విజయవాడలో బస్సెక్కితే, హైదరాబాద్‌లో దిగేసరికి సంచి సెగలు కక్కుతూ ఉండటం, బ్యాటరీ అడుగంటి ఉండటం. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావరకు మూత మూస్తే పూర్తిగా నిద్రపోవు. ఫోన్‌లాగా కునుకు తీస్తూ, మధ్యమధ్య లేచి అప్‌డేట్లు వెతుక్కుంటాయి. గాలి ఆడని సంచిలో ఆ కునుకుపాటు పని చాలు, లోపలున్నది మళ్లీ కుంపటి కావడానికి. సెట్టింగులలో మూత మూసినప్పుడు స్లీప్ అన్నచోట హైబర్నేట్ పెట్టుకోండి. అది కుదరకపోతే షట్‌డౌన్ చేసి, లైట్లన్నీ ఆరాయని చూసుకుని, అప్పుడు జిప్పు వేయండి.